పొయ్యి ఎవరు వెలిగించారు?

కార్లైల్ స్ట్రీట్‌లో, పళ్ళ కొట్టుకీ
చెప్పులు కుట్టే షాపుకీ మధ్య
పదకొండు బల్లల హోటలు మాది.
మాది అంటే, యాఫిత్‌ది.
తొమ్మిదేళ్ళుగా వంట నాది.
పొయ్యి మాత్రం ఏనాడూ నేను వెలిగించలేదు.

అది వాళ్ళ కట్టు.
మంట మీద యూదుల చెయ్యి పడాలి,
ఆ తర్వాత గరిటె ఎవరిదైనా సరే.
రోజూ ఆరున్నరకి జుస్మన్ గారొస్తారు,
గడ్డం మీది మెల్‌బోర్న్ వాన తుడుచుకుంటారు,
నాలుగు బర్నర్లూ వెలిగిస్తారు.
కాలీఫ్లవర్ని దీపాల పెట్టె మీద పెట్టి
రెమ్మ రెమ్మా విప్పి పురుగు కోసం చూస్తారు.
నేను పక్కనే పప్పులో రాళ్ళు ఏరుతుంటాను.
ఏరేవాళ్ళకి మాటలెందుకు?

మాంసం వండే చోటికి పాలచుక్క రాకూడదు.
నా పెరుగన్నం డబ్బా
వానైనా ఎండైనా ట్రాము స్టాపు బెంచీ మీదే.
గుడ్లు ఒక్కొక్కటీ గాజు గ్లాసులో కొట్టి చూస్తాను,
నెత్తుటి చుక్కుంటే పారబోస్తాను.
మిగతాదంతా తెలిసిన లోకమే.
మెంతులు రాత్రి నానబోసి
పొద్దున నురగొచ్చేదాకా గిలక్కొడితే హిల్బె.
పచ్చిమిర్చి, కొత్తిమీర, వెల్లుల్లి నూరితే సహూగ్.
వేయించిన వంకాయ, ఉడికిన గుడ్డు
రొట్టెలో కుక్కి, పైన మామిడి పచ్చడి పోస్తే సబీహ్.
ఆ పచ్చడి పేరు అంబ.
బొంబాయి నుంచి బాగ్దాద్ మీదుగా వచ్చిందట, యాఫిత్ చెప్పింది.
చుట్టు తిరిగైనా
నాకంటే ముందే వచ్చి కూర్చుంది.

మొదట్లో ఒకసారి అడిగాను,
ఉల్లిపాయలు తరిగేటప్పుడే,
కన్నీళ్ళకి ఒక సాకుంటుందని:
"నా చెయ్యి పనికిరాదా?"
మా నాయనమ్మ నూర్చిన వడ్లే
పెద్దింటి పొయ్యి మీద అన్నమయ్యేవి.
ఆమె నీడ మాత్రం ఆ గడప దాటకూడదు.
ఆ లెక్క నాకెవరూ నేర్పక్కర్లేదు.

యాఫిత్ కత్తి కింద పెట్టింది.
"చెయ్యి నీదే బాగుంటుంది సువార్తా.
కట్టు మా మెడకి. నీ మెడకి కాదు."
నమ్మానో లేదో నాకే తెలీదు.
ఇంకా ఆరు కిలోల ఉల్లిపాయలున్నాయి.

జూలైలో ఒక గురువారం
యాఫిత్ కూతురి కాన్పుకి ఆస్పత్రిలో ఉంది.
జుస్మన్ గారి ఫోను: ట్రాము తీగ తెగింది,
నడిచొస్తున్నాను, మోకాలు సహకరించట్లేదు.
"పొయ్యి మాత్రం" అన్నారు.
"తెలుసు" అన్నాను.
ఎముకలు, పసుపు, జీలకర్ర, టమాటాలు
చన్నీళ్ళలో మునిగి నావంక చూస్తున్నాయి.
ఆప్రాన్ జేబులో అగ్గిపెట్టె
గలగలమంటోంది, నేను కదిలినప్పుడల్లా.

తొమ్మిదిన్నరకి తలుపు కొట్టింది ఫ్రాజ్‌మన్ గారు.
గురువారం మొదటి గిన్నె ఎప్పుడూ ఆయనదే.
భార్య పోయాక కూతుళ్ళు ఆయన ఇంట్లో
గ్యాసు తీసేయించారు,
కట్టెయ్యడం మర్చిపోతాడని.

లోపలికి పిలిచి అగ్గిపెట్టె చేతిలో పెట్టాను.
నన్నొకసారి, కుండనొకసారి చూశారు.
"నాకా?" అన్నారు.
మొదటి పుల్ల విరిగింది.
రెండోది వెనక తలుపు గాలికి పోయింది.
మూడోదానికి నా రెండు అరచేతులూ అడ్డం పెట్టాను,
వణికే ఆయన వేళ్ళ చుట్టూ,
తగలకుండా, కానీ వేడి తెలిసేంత దగ్గరగా.
బర్నరు భగ్గుమంది.
మంట ఆయనది.
అది ఆరకపోవడం ఎవరిదో
వాళ్ళ పుస్తకాల్లో ఎక్కడైనా రాసుందేమో, నేను అడగలేదు.

జుస్మన్ గారు కుంటుకుంటూ వచ్చేసరికి
కుండ తెర్లుతోంది.
గొడుగైనా మడవకుండా "ఎవరు వెలిగించారు?" అన్నారు.
మూల బల్ల దగ్గర ఫ్రాజ్‌మన్ గారు
బడిపిల్లాడిలా చెయ్యెత్తారు.

పన్నెండున్నరకి మొదటి గిన్నె,
పైన చెంచాడు మెంతి నురగ.
ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుని, చాలాసేపాగి
"ఉప్పు తక్కువైంది" అన్నారు.
నిజమే. తక్కువైంది.